ఎత్తు ముందు, బిగువు తరువాత

సర్దుబాటు చేసుకోగల షాక్ అబ్జార్బర్లు బిగించుకున్నవాళ్లలో చాలామంది మొట్టమొదట తిప్పేది వాటి పక్కనుండే చిన్న మరను. షాకు గట్టిగా ఉండాలా, మెత్తగా ఉండాలా అన్నది తేల్చే మర అది. నిజానికి అన్నిటికంటే ఆఖర్న ముట్టుకోవాల్సింది దాన్నే. ముందు తేలాల్సింది ఎత్తు. ఆ ఎత్తును తేల్చేది మన కంటికి నచ్చడం కాదు. మనం తిరిగే రోడ్డు, మనం ఎక్కించుకునే మనుషులు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో పాత కారు నడిపేవాళ్లకు ఈ మాట మరీ గట్టిగా వర్తిస్తుంది. ఎందుకో చెబుతాను.

మన చేతిలో ఉన్నది స్టాండర్డ్ హెరాల్డ్ అనుకుందాం. 1961లో మద్రాసు స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ తయారీ మొదలుపెట్టిన బండి. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ ఇదే హెరాల్డ్ చాసిస్‌ను పొట్టి చేసి, దానిమీద ఇటలీ డిజైనర్ మికెలోట్టి గీసిన రెండు సీట్ల ఒళ్లు పెట్టి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చింది. హెరాల్డ్ చాసిస్‌లో ముందు వెనక చక్రాల మధ్య దూరం 91.5 అంగుళాలు, స్పిట్‌ఫైర్‌లో 83. ముందు చక్రాలకు రెండు విష్‌బోన్ చేతులు, నడుమ షాకు, దాని చుట్టూ స్ప్రింగు. వెనక అడ్డంగా ఒకే ఒక కమాను కట్ట. రెండు బళ్లకూ ఏర్పాటు ఒకటే. స్పిట్‌ఫైర్లు మన దగ్గర అరుదు. ఆ రక్తం మన ఊళ్లకు వచ్చింది హెరాల్డ్ రూపంలోనే. అందుకే స్పిట్‌ఫైర్ కోసం స్పాక్స్, గ్యాజ్, కోని లాంటి కంపెనీలు చేసిన సర్దుబాటు షాకులు హెరాల్డ్‌కు కూడా పనికొస్తాయని మనవాళ్లు తెప్పించుకుంటారు. ఎక్కించడానికి ఎక్కుతాయి కూడా. కానీ ఆ కిట్‌తో వచ్చే స్ప్రింగు ఇద్దరు కూర్చునే తేలికైన బండికి, ఇంగ్లండు రోడ్లకు, కిందికి దించుకోవాలన్న మోజుకు తగినట్టు చేసింది. నలుగురు ఎక్కే హెరాల్డ్‌కు అదే స్ప్రింగు వేస్తే సగం పని తప్పుదారిలో మొదలైనట్టే. కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు రెండు: స్ప్రింగు బలం ఎంత? షాకు పూర్తిగా మూసుకున్నప్పుడు, పూర్తిగా తెరుచుకున్నప్పుడు పొడవెంత? ఈ రెండూ చెప్పని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఇక రోడ్డు. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు, 40వ నంబరు జాతీయ రహదారి. ఆ రహదారి మీద మాత్రమే తిరిగేట్టయితే ఈ అధ్యాయం అవసరమే లేదు. కష్టమంతా రహదారి దిగాకే. కుందూ పరీవాహకమంతా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని పగుళ్లిస్తుంది. దానిమీద వేసిన తారు రోడ్డు నాలుగైదేళ్లు తిరిగేసరికి అలలు అలలుగా తయారవుతుంది, అంచులు కుంగుతాయి. గుంత కనిపిస్తుంది, తప్పించుకుంటాం. అల కనిపించదు. యాభైలో పోతుంటే బండి ఒకసారి లేచి, దిగి, ఆ దిగడంలో సైలెన్సరు నేలకు రాసుకుంటుంది. మహానంది వైపైనా, కేసీ కాలువ గట్ల వెంబడి ఊళ్లకైనా, ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వైపైనా మీకు కావలసింది ఈ అలకు, ఊరూరా ఉండే స్పీడు బ్రేకరుకు సరిపోయే ఎత్తు.

స్పీడు బ్రేకరు లెక్క ఒక్కసారి చేసి చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. హెరాల్డ్ చక్రాల మధ్య దూరం మీటర్లలో 2.32. ముందు చక్రాలు శిఖరం దాటి, వెనక చక్రాలు ఇంకా ఎక్కుతున్న క్షణంలో నాలుగు చక్రాలూ ఆ గుండ్రటి వంపు మీదే ఉంటాయి. అప్పుడు బండి కడుపు కింద రోడ్డు సుమారు 4 సెంటీమీటర్లు పైకి పొడుచుకొస్తుంది. అంటే లెక్కప్రకారం వేసిన బ్రేకరు మీ జాగాలోంచి తీసుకునేది 4 సెంటీమీటర్లే. అదే ఊళ్లో ఎవరో మట్టి, కాంక్రీటు కలిపి మూరెడు వెడల్పున పోసిన 10 సెంటీమీటర్ల దిమ్మె అయితే మొత్తం 10 సెంటీమీటర్లూ తీసుకుంటుంది. ఎత్తు అదే, వెడల్పు తగ్గింది, మీ సైలెన్సరు పోయింది.

అందుచేత బండి విప్పకముందే ఒక పని చేయండి. 7 అడుగుల 7½ అంగుళాల పొడవున్న తిన్నని చెక్క పట్టీ తీసుకుని, రెండు చివర్లా సరిగ్గా 20 సెంటీమీటర్ల కాళ్లు కొట్టించండి. ఆ పొడవు మీ బండి ముందు వెనక చక్రాల మధ్య దూరం. పొద్దున్నే రద్దీ లేనప్పుడు, ఒకరిని బళ్లు రాకుండా చూడమని నిలబెట్టి, మీరు రోజూ దాటే బ్రేకర్లలో అన్నిటికంటే పాపిష్టిది ఏదో దానిమీద ఆ పట్టీని పొడుగునా పెట్టి మెల్లగా ముందుకు జరపండి. పట్టీకీ రోడ్డుకూ మధ్య జాగా ఎక్కడ అన్నిటికంటే తక్కువైందో అక్కడ టేపు పెట్టండి. అది 11 వస్తే ఆ బ్రేకరు 9 తీసుకుంటుందన్నమాట. ఆ 9కి బండి కదలికలో స్ప్రింగు అణిగేందుకు ఇంకో 3 లేదా 4 కలపండి. నిండుగా మనుషులు కూర్చున్న బండి కింద, అన్నిటికంటే దిగువన ఉన్న భాగానికీ నేలకూ మధ్య కనీసం అంత ఉండాలి. బ్రేకరు మీద నడక వేగానికి తగ్గించడం మీ వంతు. ఈ అంకెను కాగితం మీద రాసి షెడ్డు గోడకు అంటించండి. ఇకపై మీరు చేసే ప్రతి సర్దుబాటూ ఈ అంకెకు లోబడే ఉంటుంది.

కొలవడం ఎలా అన్నది ఇప్పుడు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క శిల్పుల షెడ్ల దగ్గర కాసేపు నిలబడ్డవాళ్లకు తెలిసే ఉంటుంది: రాయి అంచు నుంచి శిల్పి కొలత తీసుకోడు. అంచు పగలవచ్చు, వంకరగా ఉండవచ్చు. ముందు రాతి నడుమ నిలువు గీత కొడతాడు. బ్రహ్మసూత్రం అంటారు దాన్ని. ముఖం పొడుగు, భుజం వెడల్పు, అన్నీ దానినుంచే. బండికి కూడా అలాంటి చెదరని చోటు కావాలి. మడ్‌గార్డు అంచు నుంచి నేలకు కొలిస్తే టైరు అరుగుదల, గాలి, నేల వాలు అన్నీ ఆ కొలతలో కలిసిపోతాయి. చక్రం నడిబొడ్డు నుంచి నిలువుగా మడ్‌గార్డు అంచు వరకు కొలవండి. టైరు గొడవ పోతుంది. హెరాల్డ్ విషయంలో ఇంకో చిక్కుంది. దాని ఒళ్లు ఒక్క ముక్క కాదు, వేర్వేరు భాగాలను చాసిస్‌కు బోల్టులతో బిగించిన కట్టు. అరవై ఏళ్లలో ఎన్నిసార్లు విప్పి బిగించారో, ఎక్కడ వాషరు తప్పిందో! కాబట్టి చాసిస్ మీద కూడా కుడి ఎడమలకు సమానంగా ఉండే ఒక్కో చోటు ఎంచుకుని, పెయింటుతో చుక్క పెట్టి, అక్కడినుంచి నేలకు కొలవండి. చాసిస్ సమంగా ఉండి మడ్‌గార్డు ఒక పక్క దిగి కనిపిస్తే తప్పు స్ప్రింగుది కాదు, ఒళ్లు బిగింపుది. అలాంటప్పుడు స్ప్రింగు ముట్టుకోకండి.

నేల సమంగా ఉందని కంటితో నమ్మవద్దు. మేస్త్రీలు వాడే నీటి ట్యూబుతో నాలుగు చక్రాల చోట్లా చూడండి. తక్కువున్న చోట చక్రం కింద నాపరాయి ముక్క పెట్టండి. బేతంచెర్ల పక్కనే ఉండగా పలచని చదును బండకు మనకు కొదవ లేదు. నాలుగు టైర్లలో గాలి మాన్యువల్‌లో చెప్పినంత. పెట్రోలు సగం ట్యాంకు.

తర్వాత బరువు. ఖాళీ బండి ఎత్తు ఎవరికీ పనికిరాదు, ఖాళీ బండి రోడ్డు మీద పోదు కాబట్టి. ఈ పనికి నంద్యాలలో బియ్యం బస్తాను మించింది లేదు. 25 కిలోల బస్తాలు మూడు పెడితే ఒక మనిషి. డ్రైవరు సీట్లో మూడు. పక్క సీట్లో ఇంట్లో ఎవరు కూర్చుంటారో వాళ్లకు తగినన్ని. వెనక సీట్లో పిల్లలున్న ఇల్లయితే మొత్తం రెండు, పెద్దవాళ్లయితే ఆరు. మీరు ఎక్కువగా ఎంతమందితో తిరుగుతారో ఆ బరువుతోనే ఎత్తు పెట్టండి. ఏడాదికోసారి తిరునాళ్లకు ఆరుగురు ఎక్కుతారని ఏడాదంతా బండిని లేపి పెట్టుకోవడం సరి కాదు. ఆ ఒక్క రోజు ఇద్దరిని ఆటోలో రమ్మనండి.

బండిని జాకీ మీంచి దింపిన వెంటనే కొలవవద్దు. హెరాల్డ్ వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద ఉంటాయి. బండి గాల్లోకి లేస్తే రెండు చక్రాలూ కిందివైపు లోపలికి ముడుచుకుంటాయి. దింపినా టైర్లు నేలను పట్టుకుని అలాగే నిలబడతాయి, వెనక భాగం ఉన్నదానికంటే పైకి ఉన్నట్టు కనిపిస్తుంది. పదడుగులు ముందుకు, పదడుగులు వెనక్కి తోయండి. టైర్లు మెల్లగా బయటికి జరిగి బండి కూర్చుంటుంది. ముందు వెనకలు రెండుమూడు సార్లు చేత్తో అదమండి. అప్పుడు టేపు తీయండి.

ఈ వెనక కమాను గురించే ఎక్కువ చెప్పాలి. ప్రాణాలతో ముడిపడ్డ సంగతి ఇదే.

పాత హెరాల్డ్‌లో వెనక కమాను దిగిపోవడం మామూలు. దిగినప్పుడు చక్రాలు పైభాగం లోపలికి, కిందిభాగం బయటికి వాలి నిలబడతాయి, టైరు లోపలి అంచు తొందరగా అరుగుతుంది. లారీ కమాన్లు కొట్టే షెడ్డుకు తీసుకెళ్తే వినిపించే మాట ఇదీ:

"యెనకాల కూర్చుండిపోయింది అన్నా. ఇంకో పట్టీ ఏపిద్దాం, పైకి లేస్తాది."

లారీకి అది నూటికి నూరుపాళ్లు సరైన మాట. లారీ వెనక హౌసింగు ఒకే గట్టి దూలం, లేపినా దింపినా చక్రాలు నిటారుగానే ఉంటాయి. హెరాల్డ్‌లో అలా కాదు. ఇక్కడ ఎత్తూ చక్రం వాలూ ఒకే కీలు మీద ఉన్నాయి. పట్టీ వేసి లేపితే చక్రాలు కింద లోపలికి ముడుచుకుంటాయి. అలా లేపిన బండితో మలుపులో వేగంగా పోతూ ఉన్నట్టుండి యాక్సిలరేటరు వదిలారంటే, బండి వెనక భాగం పైకి లేస్తుంది, బయటివైపు చక్రం ఇంకా కిందికి ముడుచుకుంటుంది, టైరు పట్టు వదులుతుంది, వెనక భాగం బయటికి విసిరినట్టు తిరుగుతుంది. నంద్యాల నుంచి గాజులపల్లె దాటి గిద్దలూరు వెళ్లే నల్లమల ఘాటులో ఇది ఎక్కడ జరుగుతుందో ఊహించుకోండి. 1965లో అమెరికాలో రాల్ఫ్ నేడర్ తన పుస్తకం మొదటి అధ్యాయంలో షెవ్రొలే కార్వెయిర్‌ను తప్పుబట్టింది ఈ స్వింగ్ యాక్సిల్ గురించే. ట్రయంఫ్ కంపెనీ కూడా 1968లో జీటీ6 అనే కారుకూ, 1970లో స్పిట్‌ఫైర్‌కూ వెనక ఏర్పాటు మార్చింది. మద్రాసులో 1972లో హెరాల్డ్ బదులు గజెల్ వచ్చినప్పుడు దానికి మామూలు గట్టి హౌసింగే పెట్టారు.

కాబట్టి వెనక ఎత్తును సెంటీమీటర్లతో కాదు, చక్రం నిలువుతో తేల్చండి. మీ మామూలు బరువు బండిలో ఉండగా, చక్రం పక్కన తూకపు గుండు వేలాడదీసి రిమ్ము పై అంచుకూ దారానికీ, కింది అంచుకూ దారానికీ దూరం కొలవండి. పై అంచు దారానికి కొంచెం దూరంగా, అంటే చక్రం పైభాగం కాస్త లోపలికి ఉంటే మంచిది. 13 అంగుళాల రిమ్ము మీద 5, 6 మిల్లీమీటర్ల తేడా వస్తే ఒక డిగ్రీ వాలు అన్నమాట. కింది అంచు ఎక్కువ దూరంగా ఉంటే ఆ బండిని ఘాటుకు తీసుకెళ్లవద్దు. దిగిపోయిన కమానుకు కొత్త పట్టీ జోడించకుండా, ఉన్న పట్టీలకే పాత వంపు తెప్పించమని అడగండి. షెడ్డులో సున్నంతో నేలమీద మీకు కావలసిన వంపు గీసి చూపిస్తే వాళ్లకు మాటలకంటే బాగా అర్థమవుతుంది. ఇంకా లేచి ఉంటే కమానుకూ డిఫరెన్షియల్‌కూ మధ్య దిమ్మె పెట్టి దించవచ్చు. దానికి పొడవు బోల్టులు కావాలి, పాతవాటితో సర్దుకోకూడదు.

వెనక తేలాకే ముందు. వెనక కట్టను కుడికి ఒకలా ఎడమకు ఒకలా సర్దే వీలు లేదు, ముందు మాత్రం రెండు పక్కలా స్ప్రింగు ఎత్తు సర్దే విడివిడి కాలర్లు ఉన్నాయి. అందుకే బండి ఒక పక్కకు ఒరిగితే చేయి ముందు కాలరు మీదికే పోతుంది. ఆగండి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు భాగాన్ని క్రాస్‌మెంబరు సరిగ్గా నడుమ జాకీ పెట్టి, ముందు చక్రాలు నేలను వదిలేంత వరకు లేపి వెనక ఎత్తులు చూడండి. వెనక సమానమైందా, ఒరుగుడు ముందు స్ప్రింగులది. అప్పటికీ ఒరిగే ఉందా, తప్పు వెనక కమానుది. వెనక తప్పును ముందు కాలరుతో కప్పిపెడితే చూడ్డానికి బండి సమంగా ఉంటుంది. కానీ బరువు మూలగా మళ్లి, బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు లాగుతుంది.

ముందు షాకు తీయడంలో ఒక హెచ్చరిక. అణిచిపెట్టిన స్ప్రింగు జారితే ఎముక విరుగుతుంది, కన్ను పోతుంది. స్ప్రింగు కంప్రెసరు రెండు పక్కలా సమంగా బిగించకుండా పై నట్టు విప్పకండి. జాకీ మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి తల పెట్టకండి, స్టాండ్లు పెట్టాల్సిందే. స్ప్రింగు తీయడం చేతకాకపోతే, తెలిసినవాళ్లతో ఆ ఒక్క పనీ చేయించుకోండి.

కొత్త షాకు బిగించాక కాలరు తిప్పేముందు థ్రెడ్ల మీది దుమ్ము తుడిచి, కొద్దిగా గ్రీజు రాయండి. స్ప్రింగు మీద బరువుండగా కాలరు తిప్పితే థ్రెడ్లు చెడతాయి. స్ప్రింగు విష్‌బోన్ లోపలివైపు కూర్చుంటుంది కాబట్టి కాలరు 5 మిల్లీమీటర్లు జరిగితే మడ్‌గార్డు అంతకంటే ఎక్కువే కదులుతుంది. ఎంత ఎక్కువ అన్నది మీ బండి మీదే చూడండి: రెండు పక్కలా కాలరు ఒకే మేరకు తిప్పి, దింపి, తోసి, అదిమి, మళ్లీ కొలిచి రాసుకోండి. ఆ ఒక్క కొలతతో మిగతా పనంతా లెక్కలోకి వస్తుంది.

విష్‌బోన్‌ల రబ్బరు బుష్‌ల బోల్టులు బండి గాల్లో ఉండగా ఆఖరి బిగింపు బిగించకండి. చేతి బిగింపుతో వదిలి, బండి నేలమీద, బస్తాల బరువుతో, చివరి ఎత్తుకు వచ్చాకే బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. పైగా ఆ మెలి బండిని పైకి నెడుతూ ఉంటుంది కాబట్టి మీ కొలతలు కూడా అబద్ధమవుతాయి. మంచి మెకానిక్కులు కూడా తొందరలో దీన్ని వదిలేస్తారు. పక్కన నిలబడి అడగడానికి మొహమాటపడకండి. ఎత్తు మారితే ముందు చక్రాల టో కూడా మారుతుంది, అలైన్‌మెంటు ఆ తర్వాతే. హెడ్‌లైట్ల వాలు అన్నిటికంటే చివర.

ఇప్పుడు ఆ చిన్న మర. నాలుగు షాకులూ అన్నిటికంటే మెత్తటి చోటికి తిప్పి పెట్టండి. శిరివెళ్ల వైపు రహదారి దిగాక అలలున్న ఒక ముక్క రోడ్డు ఎంచుకోండి, అదే వేగం, అదే బరువు. అల దాటాక బండి ఒకటికంటే ఎక్కువసార్లు ఊగితే ముందు రెండింటినీ ఒక్కో క్లిక్కు బిగించి మళ్లీ వెళ్లండి. ముందు కుదిరాక వెనక. రెండూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ఒక ఊగుతో నిలబడిందంటే అక్కడ ఆపేయండి. ఇంకా బిగిస్తే బాగుంటుందనిపిస్తుంది, కానీ ఈ మర చాలా షాకుల్లో స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని పట్టి ఉంచుతుంది. మితిమీరి బిగిస్తే ఒక అల నుంచి స్ప్రింగు లేచేలోపే ఇంకో అల వస్తుంది, మూడో అలకు బండి ఇంకా కిందికి దిగి ఉంటుంది. అంత శ్రమపడి తేల్చిన ఎత్తు నడుస్తున్న బండిలో ఇలా మాయమవుతుంది. షాకు రాడ్డు బయటికి కనిపించే రకమైతే దానికి సన్నటి ప్లాస్టిక్ టై ఒకటి బిగువుగా కట్టండి. రోడ్డు మీద తిరిగొచ్చాక అది ఎంత లోపలికి నెట్టుకుపోయిందో చూస్తే, ఎంత జాగా మిగిలిందో తెలుస్తుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు చెప్పినదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, ఒళ్లు, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. హెరాల్డ్‌లన్నీ ఇప్పుడు ఆ వయసు దాటినవే కాబట్టి ఏ దారి కావాలో ముందే నిర్ణయించుకుని, పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఏ దారి అయినా చాసిస్‌ను కోయవద్దు, వెల్డింగు పెట్టవద్దు. విప్పిన పాత షాకులు, స్ప్రింగులు, బోల్టులు ఏ పక్కవో చీటీ కట్టి డబ్బాలో దాచండి. ఒక్క రోజులో బండి మళ్లీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు మార్చుకోగలగాలి.

కొత్త స్ప్రింగులు మొదటి నెలలో కాస్త దిగుతాయి. అదే నేల, అవే బస్తాలు, అదే గాలితో మళ్లీ కొలవండి. రెండు పక్కలా సమంగా కొద్దిగా దిగితే కాలరు తిప్పి సరిచేసుకోండి. ఒక్క పక్కే దిగితే కాలరు ముట్టుకోకుండా, ముందు ఆ పక్క బుష్‌లు, లాక్ నట్టు, షాకు కింది బోల్టు విప్పి చూడండి.